కార్యాలయ ముఖోత్థాపనం

కొమ్మరపాలెంలో దస్తావేజు నకళ్ల శాఖ వారి జిల్లా కార్యాలయం పదకొండేళ్లుగా కారుతోంది. వానాకాలంలో నీళ్లు కారేవి, ఎండాకాలంలో సున్నం రాలేది. వరండాలోంచి రికార్డుల హాలులోకి వెళ్లడానికి సన్నటి నడవ ఒకటుంది. ప్లాను గీసినవాళ్లు దానికి ‘మెడ’ అని పేరు పెట్టారు. ఆ మెడ పైకప్పు ఎంత కిందికి జారిందంటే, కాస్త పొడుగువాళ్లెవరైనా నకలు కోసం వస్తే తల వంచుకునే లోపలికి రావాలి. ప్రజల్లో వినయం పెరిగిందని అధికారులు కొన్నాళ్లు సంతోషించారు కూడా.

భవనం బాగుచేయించమని ఏటా ఒక ప్రతిపాదన రాజధానికి వెళ్లేది. ఏటా అది మరిన్ని వివరాలు కోరుతూ తిరిగి వచ్చేది. పన్నెండో ఏట, ఫిబ్రవరి నెలాఖరున, రాజధానిలో ఎవరికో దయ కలిగింది. ఆఫీసు ముందుభాగానికి కొత్త రూపు ఇవ్వమంటూ ఇంగ్లీషులో “ఫేస్‌లిఫ్ట్, మెడతో సహా” అని రాసి సంతకం పెట్టారు. అయితే ఆ నెల నుంచే ఉత్తర్వులన్నీ తెలుగులో వెలువడాలన్న నియమం అమల్లోకి వచ్చింది. కాగితం అనువాద విభాగానికి వెళ్లింది. అక్కడి అనువాదకుడు నిజాయితీపరుడు. తెలియని మాట కనిపిస్తే ఊహించి రాసే రకం కాదు. నిఘంటువు తీశాడు. కొమ్మరపాలెం చేరిన ఉత్తర్వు ఇలా ఉంది:

“కొమ్మరపాలెం జిల్లా కార్యాలయమునకు ముఖోత్థాపన మరియు కంఠోత్థాపన శస్త్రచికిత్స మంజూరు చేయడమైనది. సదరు పనిని మార్చి 31లోగా పూర్తిగావించి, పనికి ముందు, తరువాత తీసిన ఛాయాచిత్రములతో నివేదిక సమర్పించవలెను.”

జిల్లా అధికారి త్రివిక్రమరావుగారు ఉత్తర్వుని మూడుసార్లు చదివారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన తెలుసుకున్న సత్యం ఒకటుంది. ఉత్తర్వు అర్థం కాకపోయినా అమలు చేసినవాడికి శిక్ష పడిన దాఖలా లేదు. అర్థం ఏమిటని అడిగినవాడికి పడింది. అంచేత ఆయన వెంటనే సిబ్బందిని సమావేశపరిచారు.

“ఆఫీసుకి మొహం ఎక్కడుంటుంది సార్?” అన్నారెవరో వెనకనుంచి.

“పోయిన సమీక్షా సమావేశంలో నేనే చెప్పాను. ప్రజలు మొట్టమొదట చూసేది ముందు కౌంటరు. అదే కార్యాలయానికి ముఖం. మినిట్సులో కూడా ఎక్కింది. కౌంటరులో ఎవరున్నారు?”

అందరి తలలూ ఒకేసారి మాణిక్యాంబ వైపు తిరిగాయి.

పేరూరి మాణిక్యాంబ ఆ కౌంటరులో పద్ధెనిమిదేళ్లుగా కూర్చుంటున్న సీనియర్ అసిస్టెంటు. రిటైరవడానికి ఇంకా పదహారు నెలలుంది. తాతల నాటి ఇంటి కాగితం పోగొట్టుకున్నవాళ్లు, గట్టు తగాదాల్లో ఉన్నవాళ్లు, కాగితం ఉందో లేదో కూడా తెలియనివాళ్లు అందరూ ముందు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ వాళ్ల గోడు విని, ఏ సంవత్సరం పుస్తకంలో వెతకాలో చెప్పేది.

“ఆఫీసు ముఖం అంటే మీరే కదండీ సార్,” అందావిడ, భయంగానే.

“నేను శిరస్సుని. కార్యాలయాధిపతిని. ఉత్తర్వులో శిరస్సు ప్రస్తావన లేదు.”

“ఇది బిల్డింగు సంగతేమోనండి. మనం రాసింది కప్పు గురించే కదా.”

“అమ్మా, బిల్డింగుకి శస్త్రచికిత్స చేస్తారా?”

“చెయ్యరండి.”

“మరి?”

ఆవిడ చుట్టూ చూసింది. అందరూ తల వంచుకుని మినిట్సు రాసుకుంటున్నారు.

“నాకొద్దండి,” అంది చివరికి.

“వద్దనుకోవడానికి ఇది మీ సొంత పని కాదు మాణిక్యాంబగారూ, ప్రభుత్వ పని,” అని త్రివిక్రమరావుగారు సమావేశం ముగించారు.

సాయంత్రం ఇంటికొచ్చి భర్త పట్టాభికి సంగతి చెప్పింది. పట్టాభి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. మొహాలు గీయడం నేర్పినవాడే గానీ, భార్య మొహం వైపు పరీక్షగా చూసి చాలా కాలమైంది. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

“నీ మొహానికేమొచ్చింది? ముప్పయ్యారేళ్లుగా చూస్తున్నాను, నాకేం తేడా కనపళ్లేదు.”

“మీకు కనపడకపోవడమే కదండీ నా బాధ,” అంది మాణిక్యాంబ.

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. కౌంటరు అద్దంలో, అర్జీదారుల మొహాల మీదుగా, తన మొహం రోజూ కనిపిస్తూనే ఉండేది. గడ్డం కింద రెండు తాళ్లు వేలాడుతున్నట్టుండేది. వాళ్లమ్మకీ అలాగే ఉండేవి. ఈ మధ్య ఫొటో అంటే గడ్డం పైకెత్తడం, బయటికెళ్తే కొంగు మెడచుట్టూ తిప్పుకోవడం అలవాటైపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో ఇదేం యావ అంటారని సిగ్గు.

ఆర్థిక సంవత్సరం ముగియడానికి నెల రోజులే ఉంది కాబట్టి పనులు ఆగమేఘాల మీద నడిచాయి. ప్రభుత్వ పని ఏదైనా ఇంజినీరింగు విభాగం ద్వారానే జరగాలి. అసిస్టెంట్ ఇంజినీరు దైవాధీనం ఇనుప టేపూ, కొలతల పుస్తకమూ పట్టుకుని దిగాడు. మనిషి మంచివాడు. జీవితమంతా కల్వర్టులు కట్టినవాడు.

“ఏమనుకోకండమ్మా, కొలత లేకపోతే అంచనా వెయ్యడానికి లేదు,” అంటూ చెవినుంచి చెవికి, నుదుటినుంచి గడ్డానికి కొలిచి రాసుకున్నాడు. “నుదుటిమీద సన్న బీటలు మూడు. కళ్ల పక్కన చెరి నాలుగు. మెడ దగ్గర జారుడెక్కువగా ఉంది. పునాది మాత్రం గట్టిగానే ఉందమ్మా, మీరేం దిగులు పెట్టుకోకండి.”

టెండరు పిలిస్తే రెండే వచ్చాయి. ఒకటి నగరంలోని ఓ సౌందర్య చికిత్సాలయానిది. రెండోది కొమ్మరపాలెం కాంట్రాక్టరుది. ఆయన పాత పూత గీకించి, బీటలకి లప్పం పెట్టి, రెండు కోటింగులు వేసి, ఏడాదిపాటు పూచీ ఇస్తానన్నాడు. రేటు ఆయనదే తక్కువ. నిబంధన ప్రకారం తక్కువ వేసినవాడికే పని ఇవ్వాలి. ఈ సంగతి తెలిసిన రోజు మాణిక్యాంబ మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. అయితే ఆ కాంట్రాక్టరు శస్త్రచికిత్స చేసిన అనుభవానికి రుజువుగా, రోడ్డు విస్తరణలో చెట్లు కొట్టిన ధ్రువపత్రం జతచేశాడు. అది చెల్లదని సాంకేతిక సంఘం రెండు రోజులు చర్చించి తేల్చింది. అలా ఆవిడ మొహం లప్పం తప్పించుకుంది.

నగరంలో డాక్టరు నీరజాక్షి ఆవిణ్ని కూర్చోబెట్టి, వెలుతురులో మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. యాభై ఏళ్ల మనిషి, గట్టిగా, సూటిగా మాట్లాడుతుంది. పర్యవేక్షక ఇంజినీరు హోదాలో దైవాధీనం పక్కనే కుర్చీ లాక్కుని పుస్తకం తెరిచాడు.

“ఏం జరుగుతుందో అంతా ముందే చెప్తాను వినండమ్మా,” అంది డాక్టరు. “చెవి ముందునుంచి మొదలుపెట్టి, చెవి చుట్టూ తిప్పి, వెనక జుట్టులోకి కోస్తాను. గడ్డం కింద చిన్న గాటు ఇంకొకటి. పైచర్మాన్ని ఊరికే లాగి కుట్టెయ్యడం కాదు. అలా లాగితే గాలికి ఎదురెళ్తున్నట్టుంటుంది మొహం. చర్మం కింద ఇంకో పొర ఉంటుంది, దాన్ని పైకెత్తి బిగిస్తాను. మెడలో ఆ రెండు తాళ్లున్నాయే, అవి కండరాలు. మధ్యలో కలిపి కుడతాను. మత్తులో ఉంటారు, నాలుగైదు గంటలు పడుతుంది.”

“తర్వాతండీ?”

“తర్వాతే ఉంది అసలు సంగతి. గడ్డం నుంచి నడినెత్తికి కట్టుంటుంది. చెవుల వెనక సన్న గొట్టాలు పెడతాను, లోపలి నెత్తురు నిలవకుండా. ఒకటి రెండు రోజుల్లో తీసేస్తాను. రెండు వారాలు వాపు, కమిలిన మచ్చలు. తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. వంగకూడదు, బరువులెత్తకూడదు. ఉప్పు తగ్గించాలి. చెవుల దగ్గర, చెంపల మీద కొన్ని నెలలు మొద్దుబారి ఉంటుంది. నూటికి ఒకరిద్దరికి చర్మం కింద నెత్తురు గడ్డకడుతుంది, మళ్లీ తెరవాల్సొస్తుంది. అరుదుగా నరం దెబ్బతిని పెదవి ఒక పక్క సరిగ్గా కదలకపోవచ్చు. మూడో రోజు అద్దం చూసుకుని ఎందుకొచ్చానురా భగవంతుడా అని ఏడుస్తారు. దాదాపు అందరూ ఏడుస్తారు.”

“క్యూరింగ్ ఎన్నాళ్లు రాయమంటారు మేడమ్?” అన్నాడు దైవాధీనం. “మా కాంక్రీటు లెక్కలో రోజుకి రెండుపూటలా తడుపుతూ ఇరవై ఒక్క రోజులండి.”

“తడిపితే కుట్లు పాడవుతాయి.”

“తడపకపోతే బిల్లు పాసవదండి.”

డాక్టరు మాణిక్యాంబ వైపు తిరిగింది.

“ఇంత చేసినా మీరు వేరే మనిషైపోరు. కాలం ఆగదు. బాగా నిద్రపోయి లేచినట్టుంటారు, అంతే. ఇప్పుడు చెప్పండి. ఆర్డరుందని నేను కత్తి పట్టను. మీకు కావాలా?”

“ఆ కాలమ్ మా ఫారంలో లేదండి,” అన్నాడు దైవాధీనం.

“మిమ్మల్ని కాదు నేనడిగింది.”

రెండు వారాలుగా మాణిక్యాంబ మొహం గురించి తొంభై పేజీల ఫైలు నడిచింది. అందులో ఒక్కరు కూడా ఈ మాట అడగలేదు.

“మా అమ్మకీ మెడ ఇలాగే ఉండేదండి,” అంది నెమ్మదిగా. “కావాలండి. ఆర్డరు లేకపోయినా కావాలనే ఉండేది. సిగ్గేసి ఊరుకున్నాను.”

మార్చి ఇరవయ్యో తేదీన ఆపరేషను జరిగింది. డాక్టరు చెప్పినవన్నీ చెప్పినట్టే జరిగాయి. గొట్టాలు పెట్టారు, తీశారు. మూడో రోజు ఆవిడ అద్దం చూసుకుని ఏడ్చింది. మొహం గుమ్మడికాయంత అయి, చెంపలు వంకాయ రంగులోనూ, మెడ పసుపురంగులోనూ ఉన్నాయి. పట్టాభి రెండు దిళ్లు పేర్చి, ఉప్పు లేని పప్పన్నం మెత్తగా కలిపి చెంచాతో తినిపించాడు. తాను కూడా అదే చప్పిడి తిన్నాడు. తిన్నన్నాళ్లూ దాని గురించి ఒక్క ముక్క అనలేదు. అప్పుడప్పుడు మాత్రం ఎదురుగా కూర్చుని, ఆ రంగులు కలపాలంటే ఏయే రంగులు కావాలో సరదాగా చెప్పేవాడు. నవ్వితే కుట్లు లాగేవి.

మార్చి 31 రానే వచ్చింది. పని తరువాతి ఛాయాచిత్రం పంపాలి. దైవాధీనం ఇంటికొచ్చి, వంకాయ రంగు మీదే ఫొటో తీసి పంపాడు. రాజధాని నుంచి జవాబు వచ్చింది: “పని సంతృప్తికరముగా పూర్తియైనట్లు గమనించడమైనది. అయితే వేసిన రంగు శాఖ ఆమోదించిన రంగుల జాబితాలో లేదు. కారణములు తెలుపవలెను.” దైవాధీనం ఆరిన తర్వాత రంగు మారుతుందని రాశాడు. అది నిజమే కాబట్టి అంతటితో ఆ ఫైలు మూశారు.

ఏప్రిల్ మూడో వారంలో మాణిక్యాంబ కౌంటరుకి తిరిగొచ్చింది. వాపు చాలావరకు తగ్గింది. గడ్డం కింద గీత శుభ్రంగా కనిపిస్తోంది. కొంగు భుజం మీదే ఉంది. మొదటి అర్జీదారు అద్దంలోంచి తొంగిచూసి, “ఇక్కడ ఒకావిడుండేవారండి, మీ అక్కగారా?” అన్నాడు. ఆ రోజంతా ఆవిడ మనసు తేలిగ్గా ఉంది.

ఆ సంతోషం వార్షిక తనిఖీ దాకా నిలిచింది. తనిఖీ బృందం ఫైలు తిరగేసి, ప్రభుత్వ నిధులతో సమకూరిన ముఖాన్ని సొత్తుల రిజిస్టరులో ఇంకా ఎక్కించలేదేమని అడిగింది. త్రివిక్రమరావుగారు బెదిరిపోయి ఆ రోజే ఎక్కించారు. ముఖం స్థిరాస్తా, చరాస్తా అని చర్చ వచ్చింది. సాయంత్రం ఐదున్నరకి ఇంటికి వెళ్లిపోతోంది కాబట్టి చరాస్తి అని తేలింది. చరాస్తి అయితే అనుమతి లేకుండా గేటు దాటకూడదు.

మర్నాటినుంచి సాయంత్రం సాయంత్రం గేటు పాసు రాసివ్వడం మొదలైంది. పట్టాభి స్వయంగా వచ్చి, “ఒక ముఖము, మెడతో సహా, మంచి స్థితిలో అందినది” అని సంతకం చేసి భార్యని తీసుకెళ్లాలి. పొద్దున్నే ఆఫీసులో వాచ్‌మన్ చూసి, “అదే స్థితిలో తిరిగి ముట్టినది” అని రాసుకోవాలి. పట్టాభి మొదట్లో కోప్పడ్డాడు. ఓ వారం పోయాక అలవాటుపడ్డాడు. పెళ్లప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా ఎవరూ అప్పజెప్పలేదన్నాడు.

తర్వాత నిర్వహణ నియమావళి వచ్చింది. సొత్తు త్వరగా అరిగిపోకుండా సదరు ఉద్యోగిని కౌంటరు వద్ద నవ్వరాదు, నొసలు చిట్లించరాదు, కన్నీరు పెట్టరాదు. వర్షం పడేటప్పుడు అటెండరు గొడుగు పట్టవలెను. జూన్‌లో వానలు పడ్డప్పుడు అదీ జరిగింది. కప్పులోంచి కారే నీళ్లు నూరేళ్ల నాటి దస్తావేజుల మీద పడుతుంటే, పక్కనే మాణిక్యాంబ గొడుగు కింద పొడిగా కూర్చునుంది. గొడుగు కాగితాల మీద పట్టమని ఆవిడ అటెండరుని బతిమాలింది. కాగితాల మీద పట్టమని ఆర్డరు లేదన్నాడతను.

జులైలో మొదటి మెమో వచ్చింది:

“తేది 14న ఉదయం 11.20కి తాము కౌంటరు వద్ద ఒక అర్జీదారుతో సంభాషించుచు, రెండు ముడతలు పడునంతటి స్థాయిలో నవ్వినట్లు దృష్టికి వచ్చినది. ప్రభుత్వ సొత్తును ఇట్లు అజాగ్రత్తగా వినియోగించినందుకు తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపగలరు.”

మాణిక్యాంబ సంజాయిషీ రాసింది: “ఆ అర్జీదారు తన తాతగారి ఇంటి నకలు కోరి, తాతగారి పేరు మరచిపోయినాడు. ఇంటికి ఫోను చేసి తల్లిని అడుగగా, ఆమె ‘మొగుడి పేరే పలకనిదాన్ని, మామగారి పేరెలా పలుకుతానురా’ అని ఫోను పెట్టివేసినది. నవ్వకుండుటకు శాయశక్తులా ప్రయత్నించితిని. కుడి చెంప నా అధీనములోనే ఉన్నది. ఎడమ చెంప జారిపోయినది.”

త్రివిక్రమరావుగారు దాన్ని చదివి, సానుభూతితోనే, హాస్యాస్పదమైన అర్జీదారులందరినీ ఇకపై రెండో కౌంటరుకి పంపాలని ఉత్తర్వు వేశారు. దుఃఖంలో ఉన్నవారిని మూడో కౌంటరుకి. మాణిక్యాంబ దగ్గరికి మామూలువాళ్లే రావాలి. నకళ్ల ఆఫీసుకి మామూలుగా వచ్చేవాళ్లు ఎవరుంటారు? ఆవిడ రోజంతా ఖాళీగా కూర్చునేది. అద్దంలో మొహం చక్కగానే కనిపించేది. ఇదివరకు దాని ముందు జనం ఉండేవారు.

ఆగస్టులో ఒకనాడు వెంకాయమ్మ అనే రైతుకూలీ, తెలియక ఆవిడ కౌంటరుకే వచ్చింది. మొగుడు పోయి నెలైంది. ఇల్లు తమదేనని చూపించే కాగితం లేదు. బావగారు ఖాళీ చెయ్యమంటున్నాడు. చెప్తూ చెప్తూ ఏడ్చింది. వెనకాల త్రివిక్రమరావుగారి గది తలుపు తెరిచే ఉంది. మాణిక్యాంబ మొహం కదలకుండా బిగబట్టుకుని, “మూడో కౌంటరుకెళ్లమ్మా,” అంది.

వెంకాయమ్మ కళ్లు తుడుచుకుని ఆవిణ్ని ఎగాదిగా చూసింది. “రాయిలాగుంది ఈవిడ,” అని పక్కవాళ్లతో అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గేటు దాటి నాలుగడుగులు వేయగానే మాణిక్యాంబ భోరుమంది.

“ఏడవకు మాణిక్యం,” అన్నాడు పట్టాభి కంగారుగా. “మంచి స్థితిలో అందిందని ఇప్పుడే సంతకం పెట్టాను.”

“పెడితే పెట్టారు. ఈ మొహం చూసి నన్ను రాయి అందండీ ఆవిడ. పద్ధెనిమిదేళ్లలో నన్నెవరూ అంత మాట అనలేదు. డాక్టరుగారు ఏం చెప్పారు? వేరే మనిషైపోరు అని కదా చెప్పారు.”

“డాక్టరు చెయ్యలేదు. ఆఫీసు చేసింది,” అన్నాడు పట్టాభి.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ మూడో కౌంటరు దగ్గర నిలబడ్డ వెంకాయమ్మని చెయ్యి పట్టి తన కౌంటరుకి తీసుకొచ్చింది. కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పించుకుంది. వినాల్సిన చోట నొసలు చిట్లించింది, ఏడవాల్సిన చోట ఏడ్చింది, బావగారి మాటలు చెప్పినప్పుడు మూతి మూడు వంకర్లు తిప్పింది. మధ్యాహ్నానికి కాగితం దొరికింది. అప్పుడు ఇద్దరూ నవ్వారు. ఆ ఒక్కరోజుకే నాలుగు మెమోలు వచ్చాయి. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున వస్తూనే ఉన్నాయి. ఆవిడ ప్రతిదానికీ వినయంగా సంజాయిషీ రాసి, తలెత్తి, “తర్వాతెవరండీ?” అనేది. వరస మళ్లీ వరండా దాటి రోడ్డుమీది దాకా వెళ్లింది.

పదవీ విరమణ నెల దగ్గరపడింది. అప్పుడు త్రివిక్రమరావుగారికి కొత్త చిక్కొచ్చింది. రిటైరయ్యే ఉద్యోగి తన దగ్గరున్న ప్రభుత్వ సొత్తులన్నీ అప్పగిస్తేనే బకాయిలు లేవన్న ధ్రువపత్రం ఇవ్వాలి. మాణిక్యాంబ తాళంచెవులు అప్పగించింది, స్టాంపు అప్పగించింది, కత్తెర అప్పగించింది.

“ముఖం?” అన్నారు త్రివిక్రమరావుగారు, తలెత్తకుండా.

“ఎలా ఇమ్మంటారండీ?”

దాని మీద కమిటీ వేశారు. ప్రభుత్వ సొత్తుని ప్రైవేటు వ్యక్తికి ఊరికే వదిలెయ్యకూడదని కమిటీ చెప్పింది. పనికి ముందున్న స్థితికి తెచ్చి వాపసు ఇవ్వడం సాధ్యమేనా అని డాక్టరు నీరజాక్షిని అడిగింది. “సాధ్యమే. ఏమీ చెయ్యనక్కర్లేదు. పదేళ్లు ఆగండి, దానంతటదే వస్తుంది,” అని ఆవిడ జవాబు రాసింది. పదేళ్లపాటు ఆవిణ్ని కౌంటరులో కూర్చోబెట్టడానికి ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. పనికిరాని సొత్తులతోపాటు బహిరంగ వేలం.

నోటీసు బోర్డు మీద అంటించారు. ఒకటో అంశం, విరిగిన కుర్చీలు. రెండో అంశం, తుప్పుపట్టిన బీరువాలు. మూడో అంశం, పాత నకళ్ల యంత్రం. నాలుగో అంశం, ముఖము ఒకటి, మెడతో సహా, వాడినది.

పట్టాభికి వారం రోజులు తిండి సయించలేదు. పాటలో తాను కూర్చుంటానని అడిగాడు. సొత్తు వాడిన ఉద్యోగి కుటుంబ సభ్యులు పాడరాదన్నారు.

“మరి ఉద్యోగి?” అంది మాణిక్యాంబ.

“ఉద్యోగీ పాడరాదు.”

“వేలం ఎప్పుడండీ?”

“జులై ఒకటో తారీఖు.”

“నేను జూన్ ముప్పయ్యిన రిటైరవుతున్నాను కదండీ. ఒకటో తారీఖున ఉద్యోగిని కాను. ప్రజని.”

త్రివిక్రమరావుగారు నిబంధనలు రెండుసార్లు తిరగేశారు. ప్రజలు పాడకూడదని ఎక్కడా లేదు.

ఒకటో తారీఖు పొద్దున్న ఆఫీసు ఆవరణలో ఎండ చురుక్కుమంటోంది. మాణిక్యాంబ నాలుగో అంశంగా ఒక స్టూలు మీదా, పాటదారుగా ఒక కుర్చీలోనూ కూర్చోవాల్సొచ్చింది. చివరికి స్టూలు మీదే కూర్చుని చెయ్యెత్తొచ్చని అనుమతిచ్చారు. పాత సామాన్లు కొనే ఖాదర్ వలీ ఒక్కడే బయటినుంచి వచ్చాడు. కుర్చీలు, బీరువాలు, యంత్రం మూడూ అతనే పాడుకున్నాడు.

“నాలుగోది ఎక్కడ సార్ సరుకు?” అని చుట్టూ చూశాడు. త్రివిక్రమరావుగారు చూపించారు. ఖాదర్ వలీ తన రెండు చెవులూ పట్టుకున్నాడు. “యా అల్లా! ఈ అమ్మనా? మా అబ్బా పోయినప్పుడు కాగితం దొరక్క నెల రోజులు తిరిగితే, ఈ అమ్మే పుస్తకాలన్నీ తీయించి వెతికింది. నేను పాడను సార్.”

“సొత్తు వాడినవాళ్లే కొనేటప్పుడు ఇద్దరు పాడకపోతే వేలం చెల్లదు,” అన్నారు త్రివిక్రమరావుగారు. “మళ్లీ నోటీసివ్వాలి. మళ్లీ కమిటీ.”

ఖాదర్ వలీ మాణిక్యాంబ వైపు చూశాడు. ఆవిడ కళ్లతోనే సైగ చేసింది.

“సరే రాసుకోండి సార్. నూట పదిహేను.”

“నూటపదహార్లు,” అంది మాణిక్యాంబ.

“నూటపదహార్లు ఒకటోసారి,” అన్నారు త్రివిక్రమరావుగారు. ఖాదర్ వలీ ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. “రెండోసారి.” పట్టాభి గోడని పట్టుకున్నాడు. “మూడోసారి. ఉన్నది ఉన్న స్థితిలో, ఉన్న చోటనుంచి, కొన్నవారు తమ సొంత ఖర్చుతో తీసుకుపోవలెను.”

ఆవిడ డబ్బు కట్టి, రసీదు తీసుకుని, సొత్తు ముట్టినట్టు సంతకం చేసింది. త్రివిక్రమరావుగారు మర్యాదగా లేచి నిలబడ్డారు.

“శాఖ పట్ల మీకేమైనా అసంతృప్తి ఉంటే రాతపూర్వకంగా తెలియజేయవచ్చు,” అన్నారు.

“అసంతృప్తేం లేదండి. నాకు నచ్చింది,” అంది మాణిక్యాంబ. నచ్చిన మాట నిజమే. ఆవిడ గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. ఎవరూ పాసు అడగలేదు.

పట్టాభి రసీదు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఖాదర్ వలీ నూట పదిహేను దగ్గరే ఆగాడు కదా. నూట పదిహేనున్నర అంటే సరిపోయేది. అనవసరంగా అర్ధరూపాయి ఎక్కువ పెట్టావు,” అన్నాడు.

“పోనిద్దురూ, నాదే కదా,” అని మాణిక్యాంబ పకపకా నవ్వింది. కళ్ల పక్కన చెరి నాలుగు గీతలూ పడ్డాయి. చెవి దగ్గర ఇంకా మొద్దుబారి ఉన్న చోట ఎండ తెలిసీ తెలియనట్టు తగులుతోంది. పట్టాభి కళ్లజోడు సర్దుకుని ఆ మొహం వైపు చూస్తూ నడిచి, ఎదురుగా వస్తున్న సైకిలు చూసుకోలేదు.